‘సిస్టంల అట్ల వచ్చింది’ అంటె జవాబు కాదు

మా ఇంటెనుక వాడకట్టుల ఒక అక్క ఉంటది. మొగడు కాలం జేసి శానా ఏండ్లాయె. ఇద్దరు పిల్లలు. కైకిలి పోతెనే పొయ్యి మండుతది. కొన్నేండ్ల కింద ఒక నెల బియ్యం కోసం రేషన్ షాపుకు పోతె, డీలర్ మిషన్ల నంబర్ గొట్టి “నీ కార్డు కనపడ్తలేదక్కా, మండలానికి పో” అన్నడు. ఆమె సీదా నా దగ్గరికి వచ్చింది. ఊర్ల దరఖాస్తులు రాసిపెట్టుడు నాకు ఇరవై ఏండ్ల సంది ఉన్న పనే.

ఇద్దరం కలిసి నాలుగుసార్లు ఆఫీసుకు తిరిగినం. నాలుగోసారి ఆడ కూసున్న పిలగాడు కంప్యూటర్ మా దిక్కు తిప్పి, “సిస్టంల అట్ల వచ్చింది, నన్నేం జెయ్యమంటరు?” అన్నడు. అక్కకు కోపమొచ్చింది. “గా సిస్టం సారు ఏ రూంల కూసుంటడు బిడ్డా? ఆయిన్నే అడుగుత” అన్నది. ఆఫీసుల ఉన్నోళ్లంత నవ్విన్రు. నేను గూడ నవ్విన. ఇంటికొచ్చినంక మాత్రం నాకు నవ్వు రాలే. ఎందుకంటె ఆమె అడిగిన దానికి నా దగ్గర జవాబు లేకుండె.

ఆఖరికి తెలిసిందేందంటె, పక్క మండలంల ఆమె పేరు మీద పన్నెండెకరాలు ఉన్నట్టు రికార్డుల పడ్డదంట. అదే పేరున్న ఇంకో ఆమె భూమి అది. “గా పన్నెండెకరాలు ఏడున్నయో సూపియ్యిండ్రి సారు, రేపే నాటేస్త” అన్నది అక్క. కార్డు మళ్ల రానీకి 14 నెలలు పట్టింది. మనిషికి నెలకు 6 కిలోల లెక్కన ముగ్గురికి 18 కిలోలు. 14 నెలలకు 252 కిలోలు. రెండున్నర క్వింటాళ్ల బియ్యం. కార్డు వచ్చింది గని ఆ బియ్యం రాలే. ఆ 14 నెలలు ఆ పిల్లలు ఏం తిన్నరన్న లెక్క ఏ కంప్యూటర్లా లేదు.

ఈడ నా తప్పు కూడ ఒకటి ఒప్పుకోవాలె. అంతకు ముందు ఊర్ల మీటింగుల నేనే మైకు పట్టుకొని “కంప్యూటర్లు వస్తె లంచాలు పోతయ్, పైరవీలు పోతయ్” అని చెప్పినోణ్ని. అది పూర్తిగ అబద్ధం గాదు. కొన్ని లంచాలు నిజంగనే పోయినయ్. గని లంచం అడిగేటోని పేరు మనకు ఎర్కుంటది, వాని మీద ఫిర్యాదు చెయ్యొచ్చు, ఆఫీసు ముంగట ధర్నా చెయ్యొచ్చు. సిస్టం ముంగట ఎట్ల ధర్నా చేస్తం?

ఇప్పుడు ఎటు జూసినా ఏఐ ముచ్చటనే. కృత్రిమ మేధను సర్కార్లు అదుపుల పెట్టాల్నా వద్దా, పెడితె ఎట్ల పెట్టాలె అని ఢిల్లీ నుంచి యూరప్ దాక లొల్లి నడుస్తున్నది. టీవీల కూసున్నోళ్లు రోబోలు ప్రపంచాన్ని ఏలుతయా అని మాట్లాడుతున్నరు. ఫోన్ల దొంగ వీడియోల గురించి మాట్లాడుతున్నరు. అవి చిన్నవి అని నేననను. గని మనసొంటోళ్ల ఇంటికి ఏఐ ముందుగాల వచ్చేది రోబో లెక్క రాదు. రేషన్ కార్డు లెక్క, పింఛన్ లెక్క, హాజరు లెక్క వస్తది. కంపెనీ తీస్కరాదు, సర్కారే తీస్కొస్తది. అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నేను చెప్పేది ఒక్కటే మాట: సర్కార్ ఏఐకి కట్టే పగ్గం మొదలు తన మెడకు కట్టుకోవాలె. మనిషి తిండి మీద, కూలి మీద యంత్రం తీర్పు చెప్తె, ఆ తీర్పు సరైందేనని రుజువు చేసే బాధ్యత సర్కారుది. తప్పని రుజువు చేసే బాధ్యత పేదోనిది కావద్దు.

యంత్రం ఎట్ల పొరపాటు పడతది?

నేను ఇంజినీరింగ్ చదవలే. పదో తరగతి కాడ్నే బడి ఆగింది. మిగిలిందంత పేపర్లు, కోర్టు తీర్పులు, తెలిసినోళ్లను అడిగి నేర్సుకున్నదే. నాకు అర్థమైనట్టు మీకు చెప్త.

సర్కార్ దగ్గర ఒక్కో శాఖకు ఒక్కో పట్టిక ఉంటది. రవాణా శాఖల బండ్ల పట్టిక, రెవెన్యూల భూముల పట్టిక, మున్సిపాలిటీల ఇంటి పన్ను పట్టిక, కరెంటు బిల్లుల పట్టిక. వీటన్నిటిని ఒక్క తాడుకు కట్టాలె. అంటె రేషన్ పట్టికల ఉన్న లక్ష్మి, బండ్ల పట్టికల ఉన్న లక్ష్మి ఒక్కరేనా కాదా అని ఎవలో తేల్చాలె. ఒక ఆఫీసుల లక్ష్మిని ఇంగ్లీషుల ‘ఎక్స్’ పెట్టి రాస్తరు. ఇంకో ఆఫీసుల ‘కేఎస్‌హెచ్’ పెట్టి రాస్తరు. ఒకదాంట్ల ఇంటిపేరు ముందుంటది, ఇంకోదాంట్ల ఎనుకుంటది, మూడోదాంట్ల అసలే ఉండది. పెండ్లైనంక ఇంటిపేరు మారుతది. పుట్టిన తారీఖు తెల్వనోళ్లందరికి జనవరి ఒకటో తారీఖే రాస్తరు.

యంత్రం ఈ పేర్లు, తండ్రి పేర్లు, అడ్రసులు పక్కపక్కన పెట్టి ఎంత కలుస్తున్నయో చూసి మార్కులేస్తది. వందకు ఎనభై వస్తె ఇద్దరూ ఒక్కరే అనుకో అని మనం చెప్పినమనుకోండ్రి, ఎనభై దాటిన ప్రతి జోడీని ఒక్కమనిషే అంటది. అరవై అని పెడితె శానామంది తప్పుగ దొరుకుతరు. తొంబై అయిదు అని పెడితె దొంగ కార్డులు కొన్ని తప్పించుకుంటయ్. అంటె ఆ గీత ఏడ గీయాలె అనేది కంప్యూటర్ సంగతి కానే కాదు. అర్హత ఉన్నోడు పస్తులుండుడా, అర్హత లేనోడు కొన్ని కిలోలు తినుడా, ఏ తప్పును ఎంతదాక ఓర్సుకుందాం అనే సర్కార్ నిర్ణయం అది. అసెంబ్లీల మాట్లాడాల్సిన ముచ్చట. దాన్ని ఏసీ రూంల కూసున్న సాఫ్ట్‌వేరోళ్లు ఒక నంబర్ కొట్టి తేల్చేస్తున్నరు.

ఇంకో లెక్క. వందకు 99 సార్లు కరెక్టు చెప్పే యంత్రం అంటె మనం చప్పట్లు కొడ్తం. గని పది లక్షల కార్డుల మీద దాన్ని నడిపితె ఒక్క శాతం అంటె పదివేల కుటుంబాలు. ఇంటికి నలుగురు అనుకుంటె నలభైవేల నోర్లు. ఒక గుమస్తా తప్పు జేస్తె ఒక ఊరు బాధపడుతది. యంత్రం తప్పు జేస్తె ఒక్క రాత్రిల రాష్ట్రమంత తప్పు అయితది.

మన రాష్ట్రంల జరిగింది

మా అక్కది ఒక్క ఇంటి కథ. గని ఇసొంటియి రాష్ట్రమంత ఎట్ల జరిగినయో కోర్టు దాక పోయిన సంగతే. తెలంగాణ సర్కార్ ‘సమగ్ర వేదిక’ అని ఒక వ్యవస్థ పెట్టింది. పైన చెప్పినట్టు ఎన్నో శాఖల పట్టికలను కలిపి, ఒక్కో మనిషి గురించి ఒక్కతాన చూపెట్టే యంత్రం అది. రేషన్ కార్డులకు ఎవలు అర్హులు, ఎవలు కాదు అని తేల్చనీకి గూడ దీన్ని వాడిన్రు.

2014 నుంచి 2019 దాక రాష్ట్రంల 18 లక్షలకు పైగా కార్డులు తీసేసిన్రు. శానామందికి నోటీసు రాలే. షాపుకు పోయినంకనే కార్డు లేదని తెలిసింది. దీని మీద సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ కోర్టుకు పోయిండు. 2022 ఏప్రిల్‌ల సుప్రీంకోర్టు, తీసేసిన కార్డులన్నిటి మీద ఇంటింటికి పోయి మళ్ల విచారణ చెయ్యాలని రాష్ట్రానికి చెప్పింది. ఆ విచారణల 4,91,899 దరఖాస్తులు వచ్చినయ్. 2022 జూలై వరకు వాటిల 2,05,734 చూసిన్రు. అందుల 15,471 కుటుంబాలు అర్హులే అని తేలింది.

వందకు ఏడున్నర. పరీక్షల 92 మార్కులొస్తె పిలగాని ఫొటో పేపర్ల ఏస్తరు. గని ఈడ పోయిన మార్కులు మనుషులు. అది గూడ మళ్ల దరఖాస్తు పెట్టుకోగలిగినోళ్ల లెక్క మాత్రమే. వలస పోయినోళ్లు, కబురు తెల్వనోళ్లు, సచ్చిపోయినోళ్లు ఈ లెక్కల లేరు.

హైదరాబాద్‌ల ఒక రిక్షా తొక్కిన మనిషి కుటుంబం సంగతి 2024 జనవరిల అల్ జజీరా వార్తా సంస్థ బయట పెట్టింది. యంత్రం ఆయనకు కారున్నదని రాసింది. ఆ కారు పేరు కొంత కలిసిన ఇంకో మనిషిది. రిక్షా తొక్కేటోని ఇంటికి కారు ఎట్లొచ్చిందని వాకిట్ల నిలబడి చూసే ఏ మనిషైనా అడుగుతడు. ఆ జర్నలిస్టులు సాఫ్ట్‌వేర్ ఎట్ల పనిచేస్తదో చెప్పమని ఆర్‌టీఐ కింద అడిగితె, దాని మీద హక్కులు తయారుచేసిన ప్రైవేటు కంపెనీయి అని సర్కార్ జవాబిచ్చింది. మన పన్నులతోని కొన్న యంత్రం, మన వివరాలతోని నడిచే యంత్రం, మన కంచంల అన్నం తీసిన యంత్రం, గని అది ఎట్ల నడుస్తదో మనం అడగొద్దు.

ఇది ఏ ఒక్క పార్టీ ముచ్చట అనుకోవద్దు. సర్కార్లు మారినయ్, ఇంకా మారుతయ్. కుర్సీల ఎవలున్నా ఈ యంత్రాలు ఇంకా పెరుగుతయ్ గని తగ్గవు. 2025 జూలై నుంచి దేశమంత అంగన్‌వాడీల ఇంటికిచ్చే పోషకాహారం తీసుకోవాలన్నా ఫోన్ల మొఖం గుర్తుపట్టాలె అని కేంద్రం పెట్టింది. సిగ్నల్ లేని తండాల, గూడేల బాలింత మొఖాన్ని ఫోన్ గుర్తుపట్టకపోతె టీచరమ్మ ఏం జెయ్యాలె? టీచరమ్మకు ఆ తల్లి పుట్టిల్లు గూడ ఎర్కుంటది. గని ఆమె మాటకన్న ఫోన్ మాటకే ఇలువ ఎక్కువాయె.

బయటి దేశాలల్ల దెబ్బ తిన్నోళ్లు

ఇది పేద దేశాల రోగమే అనుకుంటె పొరపాటే. నెదర్లాండ్స్ పెద్ద ధనిక దేశం. ఆడ పిల్లల సంరక్షణ కోసం సర్కార్ ఇచ్చే పైసల విషయంల పన్నుల శాఖ వేల కుటుంబాలను మోసగాళ్లన్నది. ఎవల మీద అనుమానపడాలె అని మార్కులేసిన యంత్రం, డచ్ పౌరసత్వం లేకపోవుడును గూడ ఒక గుర్తు లెక్క తీసుకున్నది. బయటి దేశాల నుంచి వచ్చి బతుకుతున్నోళ్లు ఎక్కువ బలైన్రు. తీసుకున్న పైసలన్ని ఒక్కసారే కట్టుమన్నరు. కుటుంబాలు అప్పులల్ల మునిగినయ్, కాపురాలు కూలినయ్. 2021 జనవరిల ప్రధానమంత్రి మార్క్ రుట్టె సర్కార్ మొత్తం ఈ విషయం మీదనే రాజీనామా చేసింది. అంతకు ముందే 2020 ఫిబ్రవరిల, మోసాలను పసిగట్టనీకి పెట్టిన ‘సిరి’ అనే ఇంకో వ్యవస్థ మనుషుల ఆంతరంగిక జీవితంల అన్యాయంగ జొరబడుతున్నదని ద హేగ్ కోర్టు ఆపేసింది.

ఆస్ట్రేలియాది ఇంకో తీరు. జనం ‘రోబోడెట్’ అని పిలిచిన ఆ పథకంల ఏఐ అని చెప్పుకునేంత తెలివి గూడ లేకుండె. ఒక మనిషి ఏడాది సంపాదనను 26 పక్షాలకు సమానంగ పంచేది, అంతే. మన దగ్గర పత్తి ఏరే రెండు నెలలు దండిగ కూలి దొరుకుతది, ఎండకాలం ఏం దొరకదు. ఆ రెండు నెలల కూలిని పన్నెండు నెలలకు పంచి “ఎండకాలం గూడ నువ్వు సంపాదించినవ్, సాయం తప్పుగ తీసుకున్నవ్, తిరిగి కట్టు” అంటె ఎట్లుంటది? గట్లనే చేసిన్రు. 4 లక్షలకు పైగా మంది మీద లేని అప్పు పడ్డది. 2023 జూలైల రాయల్ కమిషన్ ఆ పథకం క్రూరమైంది, చట్టానికి విరుద్ధం అని తేల్చింది.

రోబోడెట్ నుంచి మనం నేర్సుకోవాల్సింది ఒకటున్నది. చట్టం ‘ఇది ఏఐనా కాదా’ అనే కాడ ఆగిపోవద్దు. మామూలు ఎక్సెల్ పట్టిక అయినా, గొప్ప ఏఐ అయినా, మనిషి హక్కు మీద దానంతట అదే నిర్ణయం చేస్తె అది చట్టం కిందికి రావాలె. లేకుంటె సర్కార్ “ఇది ఏఐ కాదు, ఉత్త సాఫ్ట్‌వేరే” అని తప్పించుకుంటది.

చట్టాలు ఏమంటున్నయ్?

యూరప్ యూనియన్ ఏఐ చట్టం 2024 ఆగస్టు 1 నుంచి అమలుల ఉన్నది. దాని తెలివి ఏందంటె, అన్ని యంత్రాలను ఒక్క గాటకు కట్టలే. ప్రమాదాన్ని బట్టి మెట్లు పెట్టింది. మనుషుల నడవడికకు మార్కులేసి, ఆ మార్కులతోని వాళ్లను అన్యాయంగ నష్టపరిచేటియి అసలే వద్దన్నది. ఈ నిషేధం 2025 ఫిబ్రవరి 2 నుంచి నడుస్తున్నది. సర్కార్ సాయానికి ఎవలు అర్హులో తేల్చే యంత్రాలను పెద్ద ప్రమాదం ఉన్న మెట్టు మీద పెట్టింది. వాటికి ముందు పరీక్ష, రికార్డులు, మనిషి పర్యవేక్షణ ఉండాలె. ఈ షరతులు దశలవారీగ అమలుకు వస్తయ్. నిషేధం దాటితె జరిమానా 3.5 కోట్ల యూరోల దాక, కంపెనీ అయితె ప్రపంచవ్యాప్త టర్నోవర్ల 7 శాతం దాక, ఏది ఎక్కువైతె అది. కెనడా 2019ల్నే, కేంద్ర ప్రభుత్వ శాఖలు ఇసొంటి యంత్రం పెట్టే ముందు దాని ప్రభావం ఎంతుంటదో లెక్కగట్టి బయట పెట్టాలని ఆదేశమిచ్చింది. ప్రభావం పెద్దగున్న కాడ ఆఖరి మాట మనిషిదే ఉండాలె అన్నది.

మన దేశంల ఏఐకి ప్రత్యేకమైన చట్టం లేదు. 2025 నవంబర్‌ల కేంద్ర ఐటీ శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. ఇప్పటికి కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్న చట్టాలతోనే నడుపుదాం అన్నది వాటి సారం. సరే, ఉన్నయే చూద్దాం. 2023ల డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాంట్ల ఒక మంచి మాట ఉన్నది: మనిషి మీద ప్రభావం పడే నిర్ణయానికి వాడే వివరాలు పూర్తిగ, సరిగ ఉండేటట్టు చూసే బాధ్యత వాడేటోళ్లది. గని అదే చట్టం సబ్సిడీలు, పథకాల పేరు మీద సర్కార్‌కు మన వివరాలు వాడుకోనీకి పెద్ద తొవ్వ తెరిచింది. కొన్ని సర్కార్ సంస్థలకు మొత్తానికే మినహాయింపు ఇయ్యొచ్చన్నది. యంత్రం నీ మీద నిర్ణయం ఎందుకు చేసిందో చెప్పాలె అనే హక్కు దాంట్ల లేదు. పైంగ, ఆర్‌టీఐ చట్టంల వ్యక్తిగత సమాచారం గురించిన సెక్షన్‌ను మార్చి, ‘వ్యక్తిగతం’ అని ఫైలు మూసేసుడు అల్కగ చేసింది.

అంటె యంత్రం మనల్ని ఇంకా ఎక్కువ చూడొచ్చు. మనం యంత్రాన్ని ఇంకా తక్కువ చూడాలె. పగ్గం ఉల్టా కట్టిన్రు.

మరి ఏం గావాలె?

నా లెక్కల అయిదు గావాలె. గొప్పగ ఆలోచించాల్సిన పనే లేదు, అన్ని మనకు తెలిసినయే.

ఒకటి, నోటీసు ముందు, కోత తర్వాత. యంత్రం అనుమానపడొచ్చు, గని అనుమానంతోని కార్డు తియ్యొద్దు. ఇంటికి కాయితం రావాలె, జవాబు చెప్పుకోనీకి గడువు ఇయ్యాలె, అప్పటిదాక బియ్యం ఆగొద్దు.

రెండు, కారణం తెలుగుల చెప్పాలె. ‘అనర్హులు’ అని ఒక్క మాట రాసుడు గాదు. ఏ శాఖ పట్టికల, ఏ నంబర్ బండి, ఏ సర్వే నంబర్ భూమి చూసి తీస్తున్నరో రాయాలె. అప్పుడే అక్క “ఆ భూమి నాది గాదు” అని మొదటి రోజే చెప్పగలుగుతది.

మూడు, మనిషి సంతకం. ప్రతి నిర్ణయం కింద ఒక అధికారి పేరు, హోదా ఉండాలె. ఇంటికి పోయి చూసినంకనే సంతకం పెట్టాలె. సిస్టం సారుకు రూం లేదు గనుక, రూం ఉన్న సారు ఎవలో మనకు తెలువాలె.

నాలుగు, తప్పుశాతం బయట పెట్టాలె. విత్తనాల చట్టం 1966ల్నే వచ్చింది. నోటిఫై చేసిన విత్తనం సంచి మీద మొలకశాతం రాయాల్నని ఉన్నది. అది చూసే కదా మనం సంచి కొంటం. గట్లనే సర్కార్ కొనే ప్రతి యంత్రానికి తప్పుశాతం రాయాలె. వాడకముందు పరీక్ష, వాడినంక ఏడాదికోసారి బయటోళ్లతోని పరీక్ష. ఏ శాఖల ఏ యంత్రం నడుస్తున్నదో జనం చూసే పట్టిక ఉండాలె. అంత దెబ్బ తిన్నంక నెదర్లాండ్స్ సర్కార్ 2022ల అసొంటి పట్టిక మొదలు పెట్టింది. కంపెనీ రహస్యం అనే మాట ప్రైవేటు యాపారంల చెల్లుతది గని పేదోని రేషన్ కాడ చెల్లొద్దు. ఆ షరతు టెండర్ల్నే రాయాలె.

ఐదు, తప్పైతె పరిహారం. కార్డు తిరిగిచ్చుడే గాదు, ఆగిపోయిన నెలల బియ్యం గూడ ఇయ్యాలె. 252 కిలోలంటె 252 కిలోలు. తప్పుకు ఖర్చు అయితదని తెలిస్తెనే సర్కార్, కంపెనీ రెండూ జాగ్రత్త పడతయ్.

దీనికి యూరప్ దాక పోయి నమూనా తెచ్చుకోవాల్సిన పని గూడ లేదు. ఉపాధి హామీల సామాజిక తనిఖీ అనే పద్ధతిని మన తెలుగు గడ్డ మీదనే గట్టిగ నడిపినం. ఉమ్మడి రాష్ట్రంల 2009ల దానికోసం ప్రత్యేకంగ ఒక సొసైటీ పెట్టిన్రు. ఊర్ల పిలగాండ్లే మస్టర్లు పట్టుకొని ఇంటింటికి తిరిగి, ఎవల పేరు మీద ఎంత రాసిన్రు, ఎంత ముట్టింది అని అడిగి, నలుగుర్ల కూసోబెట్టి చదివిన్రు. సచ్చిపోయినోళ్ల పేర్ల మీద రాసిన కూలి గట్లనే బయటపడ్డది. అదే పని ఇప్పుడు యంత్రానికి చెయ్యాలె. యంత్రం ఎవల కార్డు తియ్యమన్నదో ఆ పేర్లు తియ్యకముందు గ్రామసభల చదవాలె. లక్ష్మికి పన్నెండెకరాలు ఉన్నయని చదివితె ఊరంత పకపక నవ్వుతది. ఆ నవ్వుకు మించిన పరీక్ష ఏ ఇంజినీరూ పెట్టలేడు.

అవుతలోళ్ల మాట

“ఇన్ని షరతులు పెడితె కొత్త టెక్నాలజీ రాదు, దేశం ఎనుకబడుతది” అంటరు. విత్తనాల చట్టం పెట్టినంక విత్తన కంపెనీలు పారిపోయినయా? నకిలీ విత్తనం అమ్మేటోనికే లేబుల్ అంటె భయం. నేనేం ఊర్ల పిలగాడు తయారుచేసే యాప్‌కు లైసెన్స్ పెట్టుమంటలేను. పంటల రోగం ఫొటో తీసి చెప్పే యాప్‌కు, చదువు చెప్పే యాప్‌కు ఇన్ని షరతులు అక్కర్లేదు. యంత్రం చేతుల మనిషి అన్నం, కూలి, స్వేచ్ఛ ఉన్న కాడనే గట్టి పగ్గం గావాలె.

“దొంగ కార్డులు లేవా?” అంటరు. ఉన్నయ్. మా ఊర్ల గూడ ఉన్నయ్, నాకు ఎర్కనే. కార్లున్నోళ్లు రేషన్ బియ్యం అమ్ముకునుడు నేను కండ్లార చూసిన. వాళ్లను పట్టనీకి యంత్రాన్ని వాడుకోండ్రి. వాకిలి కాడ కుక్క మొరిగితె లేచి చూస్తం, ఎవలొచ్చిన్రో మొఖం చూసి తేల్చుకుంటం. కుక్క మొరిగింది గదా అని వచ్చినోన్ని కట్టెతోని కొట్టం. యంత్రం పని మొరుగుడు దాకనే.

“ఇంటింటికి పోయి చూడాలంటె మనుషులు ఏడున్నరు?” అంటరు. ఈ మాటల నిజం ఉన్నది. సిబ్బంది తక్కువున్నరు. గని సుప్రీంకోర్టు చెప్పినంక తిరగక తప్పలే గదా. ముందుగాల తిరిగుంటె అర్హులైన 15 వేల కుటుంబాలు ఉపాసం ఉండకపోవు.

మనం చెయ్యగలిగేది

కొత్త చట్టం వచ్చేదాక చేతులు ముడుసుకొని కూసోవద్దు. ఆర్‌టీఐ చట్టంల 4(1)(డి) అనే సెక్షన్ ఉన్నది, రాసి పెట్టుకోండ్రి. సర్కార్ చేసిన పాలనా నిర్ణయానికి కారణాలను, దానివల్ల ప్రభావం పడ్డ మనిషికి చెప్పాలె అంటది అది. ‘సిస్టంల అట్ల వచ్చింది’ అంటె ఈ సెక్షన్ పేరు రాసి దరఖాస్తు పెట్టుండ్రి. 30 రోజులల్ల జవాబు రావాలె. దారిద్ర్యరేఖకు దిగువ ఉన్నోళ్లకు ఫీజు లేదు. నోటి మాట నమ్మొద్దు, కాయితం అడగుండ్రి. రేషన్ సంగతి అయితె 2013 ఆహార భద్రత చట్టం కింద జిల్లాకు ఒక ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలె, ఆయనకు రాయుండ్రి. మీ అమ్మ, నాయిన, నాయనమ్మల పేర్లు ఆధార్ల, రేషన్ కార్డుల, పట్టా పాసుబుక్కుల ఒక్కతీరుగ ఉన్నయో లేవో ఈ ఆదివారం కూసొని చూడుండ్రి. ఫోన్ చేతుల ఉన్నోళ్లు మీరే. ఇంట్ల పెద్దోళ్లకు ఈ పని చేసిపెట్టేది మీరే.

ఇంకోటి. ఓట్లడగనీకి వచ్చినోళ్లను రోడ్డు, నల్లా అడిగినట్టే ఇది గూడ అడగుండ్రి: “మా కార్డు తీసే యంత్రం తప్పుశాతం ఎంత? దానికి సంతకం పెట్టే సారు ఎవలు?” మొదలు వాళ్లకు అర్థం కాదు. పది ఊర్లల్ల అడిగితె అర్థమైతది.

మొన్న ఆ అక్క మళ్ల కలిసింది. నేను ఏఐ మీద రాస్తున్న అంటె “గదేంది?” అన్నది. “నువ్వడిగినవ్ జూడు, సిస్టం సారు, గాయిన గురించే” అన్న. ఆమె ఒక్క నిమిషం ఊకున్నది. “రూం దొరికిందా మరి?” అన్నది.

ఇంకా దొరకలే అక్కా. దొరికేదాక అడుగుడు బంద్ జెయ్యం.